పాస్‌వర్డుల నోటుబుక్కు

ఈ వీధిలో పది రోజులుగా ఒక మాట తిరుగుతోంది. పచ్చ గేటు ఇంటి చిన్న కోడలు పాఠాలు చెబుతానని జనాన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, వాళ్ళ పాస్‌వర్డులన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించుకుంటోందనీ, బుధవారం బుధవారం వాటిని ముక్కూ మొహం తెలియని వాళ్ళకు పంపిస్తోందనీ ఆ మాట. పుట్టింది మందుల షాపులో. పాల బూతు దాటేసరికి పంపించే చోటికి ఒక పరాయి దేశం తగులుకుంది. మంగలి షాపు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు పోలీసులు కూడా చేరారు. వాళ్ళు మఫ్టీలో ఉన్నారట.

ఇందులో నిజమెంతో ముందే చెప్పేస్తే మంచిది. నోటుబుక్కు ఉన్న మాట నిజం. అందులో పాస్‌వర్డ్ అన్న మాట ఉన్నదీ నిజమే, ఒకసారి కాదు, ఏడుసార్లు ఉంది. బుధవారం పొద్దున ఏదో పంపడం కూడా నిజమే. ఇన్ని నిజాలు కలిసి ఒక అబద్ధం ఎలా అయ్యాయో తెలియాలంటే ఆ ఇంటి పెద్ద కోడలి పక్కన కాసేపు కూర్చోవాలి. ఎందుకంటే వీధి వీధంతా కలిసి అనుమానించింది పావు వంతైతే, మిగిలిన ముప్పావూ ఆవిడ ఒక్కతే అనుమానించింది.

ఆవిడను అందరూ టైలరక్క అంటారు. ఇంటి ముందు గది ఆవిడ కుట్టు గది. రెండు మిషన్లు, ఒక కటింగు బల్ల, వీధిలోకి ఒక కిటికీ. చేతిలో కత్తెర నడుస్తూనే ఉంటుంది, కళ్ళు కిటికీ బయటే ఉంటాయి, అయినా గుడ్డ మీద కోత నూలువాసి పక్కకు పోదు. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎంతసేపున్నారు, వెళ్ళేటప్పుడు మొహం ఎలా పెట్టుకున్నారు, అన్నీ ఆవిడకు తెలియాలి. తెలియకపోతే ఆ పూట తిండి సహించదు. అలాంటి మనిషికి సొంత ఇంట్లోనే అంతుపట్టని సంగతి ఒకటి ఉందంటే అది పంటి సందులో ఇరుక్కున్న పీచు లాంటిది. నాలుక పదే పదే అక్కడికే పోతుంది.

ఆ పీచు ఆవిడ తోడికోడలే. మరిదిని చేసుకుని ఆ ఇంటికి వచ్చి పదకొండేళ్ళయింది. ప్రెస్సులో పేజీలు కూర్చే పని చేస్తుంది. బిల్లు పుస్తకాలు, పరీక్ష పేపర్లు, కరపత్రాలు, ఏది అచ్చు కావాలన్నా ముందు ఆమె కంప్యూటరు మీద పుట్టాల్సిందే. పొద్దున తొమ్మిదికి వెళ్ళి సాయంత్రం ఆరుకు వస్తుంది. మాట తక్కువ. అడిగితే తప్ప చెప్పదు, అడిగినా సగం చెప్పి మిగతా సగానికి నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వే టైలరక్కకు అరగదు.

అయినా టైలరక్క ఊరుకునే రకమా? చిన్న కోడలు చెప్పని సగాన్ని మరిది నోట పిండుకుంది. ఆరేళ్ళ కిందట ప్రెస్సు ఓనరుకు ఒక వెబ్‌సైటు ఉంటే బాగుండుననిపించింది. ఎవరో ఒకతను చేసిపెట్టాడు. ఏడాది తిరగకుండానే ఇద్దరికీ మాటపట్టింపులొచ్చాయి. అతను తాళాలు తన దగ్గరే ఉంచుకుని కనపడకుండా పోయాడు. తాళాలంటే ఇనుపవి కావు, ఆ వెబ్‌సైటు తెరిచి అందులో ఏదైనా మార్చాలంటే కావలసిన రహస్యపు మాటలు. ఈలోగా ప్రెస్సు ఫోను నంబరు మారింది. వెబ్‌సైటులో మాత్రం పాతదే ఉండిపోయింది. ఆ పాత నంబరు పోయి పోయి ఒక పళ్ళ డాక్టరుకు చేరింది. పాపం ఆయన రోజూ నోరు తెరవమని చెప్పాల్సింది పోయి, బిల్లు పుస్తకాలు మా దగ్గర దొరకవని చెప్పుకుంటూ బతికాడు.

ఓనరు తల పట్టుకు కూర్చుంటే, చిన్న కోడలు వెతికి వెతికి ఒక సాఫ్ట్‌వేరు సంగతి తెలుసుకుంది. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. లోపల ఎలా కుట్టారో విప్పి చూసుకోవచ్చు. తమకు కావలసినట్టు మార్చుకుని ఇంకొకరికి ఇవ్వవచ్చు. దానికి ఓనరంటూ ఒకడు లేడు, ఎక్కడెక్కడి జనమో కలిసి చేసి అందరికీ వదిలేశారు. దాన్ని నేర్పే పాఠాలు కూడా అలా కలిసి రాసుకున్నవే. ఆ పాఠాలు ముందేసుకుని మూడు వారాలు కుస్తీ పట్టి ప్రెస్సుకు కొత్త వెబ్‌సైటు కట్టింది. కడుతుండగా ఒక పాఠంలో నాలుగో మెట్టు తర్వాత ఏకంగా ఆరో మెట్టు వచ్చింది. ఐదోది లేదు. ఆ సంగతి పాఠం పెట్టినవాళ్ళకు రాసింది. రెండు రోజులకు జవాబొచ్చింది: చెప్పినందుకు సంతోషం, ఆ ఐదోది మీరే రాసి పంపండి.

ఆ జవాబు చూసి ఆమె కంప్యూటరు కట్టేసి నాలుగు రోజులు దాని జోలికి పోలేదట. మోసమనుకుంది. తప్పు చూపించినవాళ్ళ చేతికే పని అప్పగించే ఆఫీసు ఎక్కడుంటుంది? ఐదో రోజున మాత్రం కూర్చుని రాసి పంపింది. అలా మొదలై, ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్న మన భాష వాళ్ళు పదిమందితో కలిసి, ఏ పాఠం ఎవరికి, ఎంతసేపు, దేని తర్వాత ఏది అని పథకాలు వేసే దాకా వచ్చింది. జీతం లేదు.

ఇదంతా విని టైలరక్క తేల్చుకున్నది ఒకటే. ఆ నాలుగు రోజులూ చిన్న కోడలికి బుద్ధి సరిగ్గానే పనిచేసింది, ఐదో రోజే దారి తప్పింది. టైలరక్క అలా అనుకోవడంలో వింత లేదు. ముప్ఫై ఏళ్ళ పనిలో తను గీసుకున్న కటింగు కాగితాలను ఆవిడ పరుపు కింద పెట్టుకుని పడుకుంటుంది. పక్క వీధి టైలరు ఒకసారి గౌను మెడ కాగితం చూపించమంటే, ఎలుకలు కొట్టేశాయని చెప్పి పంపింది. అలాంటి మనిషికి, కాగితాలన్నీ వీధి గోడకు అంటించి ఎవరైనా గీసుకోండహో అనే జనం ఉన్నారంటే నమ్మబుద్ధి కాకపోవడం సహజమే.

అయితే నమ్మకపోయినా ఇన్నాళ్ళూ నష్టమేమీ లేకపోయింది. ఇప్పుడు సంతకం వచ్చి పడింది.

వచ్చే ఆదివారం చిన్న కోడలు పన్నెండు మందిని కూర్చోబెట్టి ఒక పూటంతా నేర్పాలనుకుంది. చిన్న చిన్న దుకాణాలవాళ్ళు, ఇంట్లో పనులు చేసుకునేవాళ్ళు తమ పేజీ తామే కట్టుకుని, ఎవరి చేతికీ తాళాలివ్వకుండా తామే చూసుకోవాలని. దానికి ఎనిమిది నెలల నుంచీ తయారవుతోంది. చోటు గ్రంథాలయం మేడ మీద గది. ఆ గది కావాలంటే చేరి పదేళ్ళు దాటిన సభ్యులెవరైనా పూచీ సంతకం పెట్టాలి, గదిలో ఏం జరిగినా బాధ్యత నాదే అని. శనివారం సాయంత్రం ఐదు లోపల కాగితం అందకపోతే గది మూడు నెలల పాటు చదరంగం పోటీలకు వెళ్ళిపోతుంది. ఇంట్లో అంత పాత కార్డున్నది టైలరక్క ఒక్కదానికే, ఇరవై రెండేళ్ళది, వారపత్రికల్లో సీరియళ్ళ కోసం చేరినప్పటిది. చిన్న కోడలు వచ్చి ఒక్క మాటలో అడిగింది. పెడతాలేవే అంటూ టైలరక్క కాగితాన్ని మిషను సొరుగులో బాబిన్ల మధ్య పెట్టింది. ఆ మర్నాడే మందుల షాపులో మాట పుట్టింది.

పుట్టకముందే టైలరక్క మనసులో ఒక ముల్లుంది. ఎనిమిది నెలల కిందట చిన్న కోడలు ఒక అరగంట కూర్చోమని ఆవిడను బతిమాలింది. తను కుట్టిన గౌను ఫోటోను ఒక పేజీలో పెట్టాలి, అంతే. చేతికి ఒక కాగితమిచ్చింది. కాగితంలో మొదటి వాక్యం, ఇది చాలా సులభం, అని. టైలరక్క ఉత్సాహంగానే కూర్చుంది. చిన్న కోడలు వెనకాల చేతులు కట్టుకుని నిలబడింది. చేతులు ముందుకు కట్టుకుంటే అదొక రకం, ఈమె వెనక్కి కట్టుకుంది, దొరికిన దొంగలాగా. ఆరో నిమిషంలో ఫోటో ఎక్కకుండా ఆగిపోయి తెర మీద ఏదో గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. టైలరక్క వెనక్కి చూసింది. చిన్న కోడలు చూస్తూ నిలబడింది తప్ప కదల్లేదు.

"ఇప్పుడేం చెయ్యాలే?"

"కాగితంలో ఏముందక్కా?"

"కాగితంలో ఉంటే నిన్నెందుకడుగుతాను?"

దానికి చిన్న కోడలు పక్క బల్ల మీదున్న నోటుబుక్కులో ఏదో రాసి మళ్ళీ చేతులు వెనక్కి పెట్టుకుంది. టైలరక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. పాలు పొంగుతున్నట్టున్నాయే అని లేచి వంటింట్లోకి వెళ్ళింది, మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. ఒక్క చెయ్యి వేస్తే అయిపోయే పనికి చెయ్యి వెయ్యలేదంటే, తను ఓడిపోతుంటే చూడాలనే కదా. ఇలా లెక్క తేల్చుకుని ఆవిడ ఎనిమిది నెలలు దాచుకుంది. పైకి ఏమీ అనలేదు, కానీ చిన్న కోడలు తెచ్చిన చొక్కాలకు గుండీలు కుట్టడం మాత్రం వారం వారం ఆలస్యమవుతూ వచ్చింది.

అందుకే మాట చెవిన పడగానే టైలరక్క టేపు మెడలో వేసుకుని నేరుగా మందుల షాపుకు వెళ్ళింది. మందుల షాపాయన కూడా చిన్న కోడలి పాఠానికి కూర్చున్నవాడే. షాపుకు ఒక పేజీ ఉంటే మేలనుకుని వెళ్ళాడు. ఖాతా తెరవమంటే తెరవబోయాడు, పాస్‌వర్డ్ దగ్గర సాఫ్ట్‌వేరు నాలుగుసార్లు ఇది పనికిరాదంది, ఐదోసారి లేచి వచ్చేశాడు. లేస్తూ లేస్తూ తెరిచి ఉన్న నోటుబుక్కు చూశాడు. మందులు, తొమ్మిది, పాస్‌వర్డ్. దాని పైన గొడుగులు, ఎనిమిది, పాస్‌వర్డ్. ఆ పైన చెప్పులు, ఏడు, పాస్‌వర్డ్. ఎవరి పేరూ లేదు, అందరూ అమ్మే సరుకుతోనే ఉన్నారు. పేర్లు దాచారంటేనే తెలియడం లేదా అక్కా అన్నాడు. పైగా ఆ మర్నాటినుంచి మందులకు ఆర్డరు పెట్టే తన ఖాతా తెరుచుకోవడం మానేసిందట. ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి?

"మర్నాడు నువ్వేం చేశావు తమ్ముడూ?" అని టైలరక్క అడిగింది.

"భయమేసి పాస్‌వర్డ్ మార్చేశానక్కా."

"కొత్తది ఏం పెట్టావు?"

ఆయన కౌంటరు మీద దగ్గుమందు సీసాలు వరసగా పెట్టాడు. పెట్టినవే మళ్ళీ పెట్టాడు.

"అదే గుర్తు రావడం లేదు."

ఇంకొకరైతే అక్కడే నవ్వుకుని ఇంటికి పోయేవారు. టైలరక్క నవ్వలేదు. మతిమరుపు ఆయనది కావచ్చు, నోటుబుక్కు మాత్రం ఆయన మతిమరుపులోంచి పుట్టలేదు. అదీకాక, నీ వరస కూడా ఉందక్కా, కుట్టు అని రాసుంది, అని ఆయన అన్న మాట చెవిలో జోరీగలా ఉండిపోయింది. ఇంటికి వచ్చేసరికి గ్రంథాలయం మేడం ఫోను. ఇలా ఒక ఫిర్యాదు వచ్చిందనీ, గది ఇవ్వడానికి తనకేమీ అడ్డం లేదనీ, కానీ రేపు ఏదన్నా అయితే పట్టుకునేది సంతకం పెట్టిన మనిషినేననీ, ఆలోచించుకోమనీ ఆవిడ మర్యాదగా చెప్పింది. మర్యాదగా చెప్పేసరికి మరింత భయమేసింది.

బుధవారం పొద్దున ఆరున్నరకు చిన్న కోడలి మీటింగు. టైలరక్క ఒక చొక్కా, సూదీ దారం పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళి, వెలుతురు ఇక్కడే బాగుందని కూర్చుంది. ఆ గదిలో ఉన్నది ఒకే ఒక చిన్న కిటికీ, అదీ బీరువా వెనకాల. మీటింగంటే ఎవరో మాట్లాడతారనుకుంటే, తెర మీద ఒక్క మొహం లేదు. గొంతు లేదు. రాతలు మాత్రం కిందినుంచి పైకి పాకుతున్నాయి. ఒకరు ఈ వారం మూడో పాఠం అంటారు, ఒకరు నేను దిద్దుతానంటారు, ఇంకొకరు నా దగ్గర వాన, కరెంటు పోతే పోతాను అంటారు. మధ్యలో చిన్న కోడలు రాసిన పాఠం తెర మీదకి వచ్చింది. టైలరక్క గుండీ వదిలేసి మెడ చాచింది. చూస్తుండగానే మొదటి వాక్యం మీద ఎవరో ఎర్ర గీత కొట్టేశారు. ఇది చాలా సులభం, అన్న వాక్యం మీద. పక్కన ఇలా రాశారు: చేయడం రాక ఆగిపోయినవాళ్ళకు ఈ మాట చెంపదెబ్బ, తీసేద్దామా?

చిన్న కోడలు, తీసేయండి, ఇన్నాళ్ళూ నాకే తట్టలేదు, అని టైపు కొట్టింది. కొట్టి నవ్వింది కూడా.

"ఎవరే అది?"

"తెలియదక్కా."

"నీ రాత కొట్టేసిన మనిషి ఎవరో తెలియదా?"

"రెండేళ్ళుగా తెలుసు. మొహం తెలియదంతే."

టైలరక్క ముందు గదికి వచ్చి చాలాసేపు మిషను తొక్కకుండా కూర్చుంది. తను పెట్టిన కాలరును ఎవడైనా ఇలా ఎర్ర సుద్దతో గీస్తే, వాడి వేలూ సుద్దా రెండూ తెగేవి. ఈమె నవ్వుతోంది. పిచ్చి అయినా ఉండాలి, లాభమైనా ఉండాలి. పిచ్చి లేదు, అది ఖాయం, నెల సరుకుల జాబితా ఆమే రాస్తుంది, ఒక్కటి మరిచిపోదు. అంటే లాభమే. ఏం లాభం? ఎక్కడ?

గురువారం టైలరక్క మూడుసార్లు సొరుగు తెరిచి సంతకం కాగితం చూసి మూడుసార్లు మూసింది. చిన్న కోడలు భోజనాల దగ్గర, అక్కా రేపో ఎల్లుండో ఆ కాగితం, అని సగం అని ఆగింది. టైలరక్క, చూద్దాంలే, అంది. పెడతాలే అన్నది చూద్దాంలే అయ్యేసరికి చిన్న కోడలి చెయ్యి కంచంలో ఒక్క క్షణం ఆగింది. ఆమెకు మాట సంగతి తెలుసని, తెలిసీ నోరు విప్పడం లేదని టైలరక్కకు అప్పుడు అర్థమైంది. తప్పు లేనివాళ్ళు నోరు విప్పకపోవడమేమిటని ఇంకో అనుమానం దానికి తోడైంది.

శుక్రవారం మధ్యాహ్నం చిన్న కోడలు ప్రెస్సులో ఉండగా టైలరక్క వెనక గదిలోకి వెళ్ళింది. నోటుబుక్కు ఎక్కడ దాచిందోనని బీరువా వైపు చూసింది. అది బల్ల మీదే ఉంది, ఎదురుగా. దాచనందుకు మరీ అనుమానమేసింది. తలుపు దగ్గరకు వేసి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది.

ఈ పాఠం ఎవరికి: కంప్యూటరు ఆన్ చేయడం వచ్చి, వెబ్‌సైటు ఎప్పుడూ చేయనివాళ్ళకు. అయ్యాక వాళ్ళకు ఏం రావాలి: తమ పేజీ తామే కట్టుకోవడం, ఎవరినీ అడగకుండా మార్చుకోవడం. తర్వాతి పేజీలో: సాయం చేసేవాళ్ళు నేర్చుకునేవాళ్ళ మౌసు ముట్టుకోకూడదు. మనం చేసిపెడితే పని అవుతుంది కానీ వాళ్ళకు రాదు. చేతులు వెనక్కి. చేతులు వెనక్కి అన్న చోట కింద రెండు గీతలున్నాయి.

టైలరక్క ఆ రెండు గీతల మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. అదొక పద్ధతన్నమాట. ఎనిమిది నెలలు గుండీలు ఆలస్యం చేసింది ఈ పద్ధతికన్నమాట.

ఆ తర్వాత వచ్చింది అసలు పట్టిక. నాలుగు గళ్ళు: ఎవరు, ఎన్నో నిమిషం, ఎక్కడ ఆగారు, తప్పు ఎవరిది. తొమ్మిది వరసలు. మందుల షాపాయన కంగారులో నాలుగో గడి చూడలేదు. ఆయనే కాదు, చూసినవాళ్ళెవరూ అంతదాకా చదవలేదు. ఆ గడిలో తొమ్మిది వరసల్లోనూ ఒకటే మాట ఉంది: పాఠానిది. పాస్‌వర్డ్ అన్నది వాళ్ళు ఆగిపోయిన చోటు. అసలు పాస్‌వర్డ్ ఒక్కటి కూడా ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

కుట్టు అన్నది అందరికన్నా పైన ఉంది. అప్పటికింకా పాఠంలో పాస్‌వర్డ్ భాగం చేరలేదు. కుట్టు, ఆరు, బొమ్మ ఎక్కించే చోట, పాఠానిది. కింద సన్నటి అక్షరాలతో: పాలు పొంగుతున్నాయని లేచింది. పొయ్యి మీద పాలు లేవు. తనకు రాదనుకుని లేచింది. వాక్యం మార్చాలి.

టైలరక్క చెవులు వేడెక్కాయి. ఇంట్లో ఎవరూ లేకపోయినా ఒకసారి తలుపు వైపు చూసింది. తెలిసిందన్నమాట, ఆనాడే తెలిసింది, తెలిసి ఒక్కరోజు కూడా ఎత్తలేదు. తర్వాతి రెండు పేజీల్లో ఒకే వాక్యం పదకొండు రకాలుగా రాసి ఉంది, పది కొట్టేసి ఉన్నాయి. పదకొండోది: ఫోటో పెద్దదైతే ఎక్కడానికి ఒక నిమిషం పట్టవచ్చు. గుండ్రంగా తిరుగుతున్నంతసేపూ మీ వల్ల తప్పేమీ జరగలేదు. ఆగి చూడండి.

ఒక్క నిమిషం. ఆ రోజు ఇంకొక్క నిమిషం కూర్చుని ఉంటే గౌను ఎక్కేదే.

ముప్ఫై ఏళ్ళలో చొక్కా పట్టలేదని తిరిగి తెచ్చినవాళ్ళందరికీ టైలరక్క ఒకటే చెప్పింది, ఒళ్ళు చేశారండీ అని. తప్పు కుట్టుది అని ఒక్క చీటీ మీద కూడా రాసుకోలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు కానీ, నోటుబుక్కును ఎలా ఉన్నదలా పెట్టి వచ్చాక ఆ సాయంత్రం తిరిగొచ్చిన ఒక లంగా నడుము చూసి, కొలత మళ్ళీ తీస్తాను, నాదే పొరపాటేమో చూస్తాను, అంది. తెచ్చినావిడ కాసేపు నోరు తెరుచుకుని నిలబడింది.

దొంగతనం లేదని తేలిపోయింది. కానీ అనుమానం పోలేదు, ఇంకాస్త లోపలికి వెళ్ళి కూర్చుంది. పాలని అబద్ధమాడి లేచిపోయిన మనిషి కోసం ఒకే వాక్యం పదకొండుసార్లు రాసే మనిషికి ఏదో కావాలి. ఏమీ అక్కర్లేకుండా అంత పని ఎవరూ చెయ్యరు. ఆ కావలసినదేమిటో తెలియకుండా బాధ్యత నాదే అని ఎలా రాయడం?

శనివారం నాలుగున్నరకు టైలరక్క కాగితం మడిచి పర్సులో పెట్టుకుని గ్రంథాలయానికి వెళ్ళింది. మేడం రిజిస్టరు తెరిచి పెట్టుకుని కూర్చుంది. మందుల షాపాయన ఏదో పత్రిక తిరగేస్తున్నట్టు పక్క బల్ల దగ్గరే ఉన్నాడు, పత్రిక తలకిందులుగా ఉంది. టైలరక్క కుర్చీ లాక్కోగానే, అక్కా తొందరపడకు, అన్నాడు.

"నీ పాత పాస్‌వర్డ్ షాపు ఫోను నంబరే కదూ?" అంది టైలరక్క.

ఆయన మేడం వైపు తిరిగాడు. "చూశారా మేడం, ఈవిడకు కూడా చెప్పేసింది."

"ఎవరూ చెప్పలేదు. నాలుగుసార్లు ఏం కొట్టి ఉంటావా అని ఆలోచించాను. మీ షాపు బోర్డు మీద అంతెత్తు అక్షరాలతో ఉన్నది అదొక్కటే." నోటుబుక్కులో నాలుగో గడి సంగతి కూడా చెప్పింది. నువ్వు ఆగిపోయింది నీ తప్పు కాదని రాసుకుంది తమ్ముడూ, పాఠం తప్పని, అంది.

"అలా రాసిందా?" అన్నాడాయన. కొంచెం సేపటికి పత్రిక సరిగ్గా తిప్పి పట్టుకున్నాడు.

ఐదుకు పది నిమిషాలుందనగా చిన్న కోడలు ప్రెస్సు నుంచి వచ్చింది, చేతిలో పన్నెండు పాఠం ప్రతులు, మెట్లెక్కిన ఆయాసం. తోడికోడలు అక్కడుండడం చూసి గుమ్మంలో ఆగిపోయింది. లోపలికి రావాలో వద్దో తెలియని ఆ మొహం చూసి, ఎనిమిది నెలల పని ఈ గదిలోకి వస్తుందా పోతుందా అన్నది తన వేళ్ళ మధ్య కలంలో ఉందని టైలరక్కకు అప్పుడు బరువుగా అనిపించింది. కాగితం బల్ల మీద పరిచి, తన పేరు పూర్తిగా, మెల్లగా, అక్షరం అక్షరం రాసింది. మేడం చెయ్యి చాచింది. టైలరక్క కాగితాన్ని ఇవ్వకుండా అరచేతి కింద నొక్కి పట్టుకుంది.

"సంతకం పెట్టాను, చూశావుగా. ఇది మేడం చేతికిచ్చే ముందు ఒక్కటి చెప్పు. సగం చెప్పి నవ్వడం కుదరదు. జీతం లేదు, పేరు లేదు, కలిసి చేసేవాళ్ళ మొహాలు తెలియవు. ఇందులో నీకేం కావాలే?"

చిన్న కోడలు నవ్వలేదు. ప్రతుల కట్టను ఛాతీకి ఆనించి పట్టుకుని, తలుపు దగ్గరే నిలబడి చెప్పింది.

"కావాలక్కా. నాకేమీ అక్కర్లేదని నేనెప్పుడూ అనలేదు, మీరంతా అలా అనుకున్నారు. నాలుగేళ్ళుగా రాస్తున్నాను. నా పాఠం చూసి ఎక్కడో ఎవరో పేజీలు కట్టుకున్నామని రాస్తారు, వాళ్ళను నేను చూడలేదు. నేను చూసింది ఈ వీధిలో తొమ్మిది మందిని. తొమ్మిది మందీ నా కళ్ళ ముందే ఆగిపోయి, తమకు రాదనుకుని లేచి వెళ్ళిపోయారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నేను రాసింది పట్టుకుని చివరిదాకా వెళ్ళి, అయ్యింది అని తలెత్తాలి. అప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో చూడాలనుంది."

టైలరక్క కాగితం మీది అరచెయ్యి తీసి దాన్ని మేడం వైపు జరిపింది.